పన్నెండున్నర సీరియల్ విధవరాలు

ఆ వేషం కృష్ణకుమారి దగ్గరికి రాకముందు నలుగురు ఆడవాళ్ళ దగ్గరికి పోయి తిరిగొచ్చింది. ఒకామె నెల తప్పి ఉంది. ఇంకొకామెకు పెళ్ళయి మూడు నెలలు. మూడో ఆమె జాతకం చూపించుకుని వచ్చి వద్దంది. నాలుగో ఆమె సరే అనబోతే అత్తగారు ఫోన్ లాక్కుని మేనేజర్‌ను అమ్మనాబూతులు తిట్టింది. అందరికీ అభ్యంతరం ఒకటే. మొదటి రోజు మొదటి షాట్‌లోనే కెమెరా ముందు బొట్టు తుడుచుకోవాలి. ఆ తర్వాత సీరియల్ నడిచినన్నాళ్ళూ బోసి నుదురుతోనే కనపడాలి. డైరెక్టర్‌కు విసుగొచ్చి, కాఫీ ట్రే పట్టుకుని వెనక నిలబడ్డ జూనియర్ ఆర్టిస్టు వైపు తిరిగాడు. "ఏమ్మా, నువ్వు తుడుచుకుంటావా?" అని అడిగాడు. "తుడ్సుకుంటా సార్" అంది కృష్ణకుమారి. ఆమెకు పేరు రావడం అట్లా మొదలయింది.

పుట్టింది ఎమ్మిగనూరులో, మగ్గాల వీధిలో. పదో తరగతి తప్పింది, మళ్ళీ రాయమంటే రాయలేదు. పంతొమ్మిదో ఏట నాలుగిళ్ళ అవతలి మార్కండేయులుకిచ్చి చేశారు. ఆ పేరు పెట్టుకున్నవాడు చావును గెలవాలి. పద్మశాలీల వీధికి ఇద్దరు మార్కండేయులైనా ఉంటారు, ఇంతవరకు ఎవరూ గెలిచింది లేదు. మనిషి మంచివాడు. మంచివాడంటే నోట్లో నాలుక లేనివాడని అర్థం. వాళ్ళమ్మ నీలమ్మ తినమంటే తినేవాడు, పడుకోమంటే పడుకునేవాడు. మగ్గం మీద తువ్వాళ్ళు నేసేవాడు. చేతి తువ్వాలును అడిగేవాడు లేని రోజులొచ్చాక, కూతురు మమతను నీలమ్మ దగ్గర వదిలి మొగుడూ పెళ్ళామూ హైదరాబాదు పోయారు. అతను ఒక బట్టల కొట్టులో చీరలు మడతపెట్టే పనిలో చేరాడు. వాళ్ళ అద్దె గదికి ఎదురుగా ఉన్న మేడలో సీరియళ్ళు తీసేవాళ్ళు. ఒకనాడు పెళ్ళి సీనుకు నలుగురు ముత్తైదువులు తక్కువైతే వాచ్‌మన్ పెళ్ళాం వచ్చి పట్టుచీర కట్టుకుని రమ్మంది. పట్టుచీర లేదంటే వాళ్ళే ఇచ్చారు, సాయంత్రం విప్పించుకున్నారు.

రెండేళ్ళు ట్రే మోసింది. పెళ్ళిళ్ళల్లో అక్షింతలు వేసింది, చావుల్లో వెనక వరసలో కూర్చుని ఏడ్చింది. ఆ తర్వాత ఈ వసుంధర పాత్ర వచ్చింది. మార్కండేయులును అడిగిందా అంటే అడిగింది. "యాక్టింగే కదా" అన్నాడు. నీలమ్మను మాత్రం అడగలేదు. ఆమె చేసిన తప్పు అదొక్కటేనని మగ్గాల వీధిలో ఇప్పటికీ చెప్పుకుంటారు.

సీరియల్లో వసుంధర మొగుడు మొదటి ఎపిసోడ్‌లోనే కారుతో సహా లోయలో పడ్డాడు. ఆ వేషం వేసినవాడు రెండు రోజులు వచ్చి, చచ్చి, డబ్బులు తీసుకుని పోయాడు. మిగిలిన భారమంతా కృష్ణకుమారి నుదుటి మీద పడింది. ముప్పై ఏళ్ళు నిండని మనిషికి నెరిసిన జుట్టు అంటించి, ఇద్దరు కోడళ్ళకు అత్తను చేశారు. గొంతు కూడా ఆమెది కాదు. "చెప్పు" అనమంటే "సెప్పు" అంటుందని, మాటలన్నీ ఇంకొకామె చేత చెప్పించేవాళ్ళు. ఆమె పని ఏడవడం, చూడటం, గడప దగ్గర నిలబడి కొంగు నోట్లో కుక్కుకోవడం. అది మాత్రం ఆమెలా చేసేవాళ్ళు లేరని పేరొచ్చింది.

మేకప్ మనిషి ఏసన్నది కూడా కర్నూలు వైపే, దేవనకొండ. ఊరి మాట మాట్లాడే మనిషి దొరికిందని కృష్ణకుమారిని అక్కా అని పిలిచేవాడు. పొద్దున్నే ఆమె బొట్టుతో వచ్చి కుర్చీలో కూర్చునేది. ఏసన్న తడిపిన దూది ఆమె చేతికిచ్చి మొహం పక్కకు తిప్పుకునేవాడు. "నువ్వే తుడ్సుకో అక్కా. నా సేత్తో వద్దు" అనేవాడు. తాళి జాకెట్ లోపలికి తోసి పిన్నీసు పెట్టుకునేది. షూటింగ్ అయిపోగానే నీళ్ళు కూడా తాగకుండా ముందు బొట్టు పెట్టుకునేది. ఆరేళ్ళలో ఒక్క రోజు కూడా ఆ వరస తప్పలేదు.

మధ్యలో మార్కండేయులుకు హైదరాబాదు పడక ఎమ్మిగనూరుకు వెళ్ళిపోయాడు. ఆమె నెలకు రెండు రోజులు వచ్చిపోయేది. బస్టాండులో దిగితే ఆడవాళ్ళు చుట్టూ మూగి, కోడళ్ళు పెట్టే కష్టాలకు జాలిపడి చేతులు పట్టుకుని ఏడ్చేవాళ్ళు. ఆ జాలి ఆమెకు బాగానే ఉండేది. ఆ జాలి అడుగున ఏముందో ఆదోనిలో తెలిసింది.

ఆదోనిలో పత్తి వ్యాపారం చేసే ఇంద్రసేనయ్య చీరల షాపు ఒకటి పెట్టి, ప్రారంభానికి ఆమెను పిలిచాడు. జనం విరగబడి వచ్చారు. కృష్ణకుమారి ఆ రోజు రూపాయి బిళ్ళంత బొట్టు పెట్టుకుని, తలనిండా మల్లెపూలు పెట్టుకుని వచ్చింది. రిబ్బన్ కత్తిరించింది. దీపం వెలిగించబోతుంటే ఇంద్రసేనయ్య వాళ్ళమ్మ వచ్చి మణికట్టు పట్టుకుంది.

"ఆయమ్మతో వద్దప్పా. ముండమోసినామె."

"అమ్మా, అది టీవీలో" అన్నాడు ఇంద్రసేనయ్య నెమ్మదిగా.

"టీవీలో అయితే ఏమి? దినమూ సూస్తాండాం గదా!"

కృష్ణకుమారి తాళి పైకి తీసి ఆ ముసలామెకు చూపింది. నుదుటి మీది బొట్టు చూపింది. జనంలో ఎవరో నవ్వారు, నవ్వు షాపంతా పాకింది. ముసలామె తాళి వంక చూసింది, నమ్మలేదు, చెయ్యి వదల్లేదు. చివరికి కొట్లో పనిచేసే పిల్ల ఎవరో దీపం వెలిగించింది. పోయేటప్పుడు కృష్ణకుమారికి చీర పెట్టారు. గంజి రంగు చీర, అంచు కూడా లేదు. ఆమెకు అదే నప్పుతుందని ఆ ముసలామె ఏరి తీసిందట.

దీన్నంతా ఎవరో ఫోన్‌లో తీశారు. ఆమె బస్సు ఎమ్మిగనూరు చేరేలోపల ఆ వీడియో చేరిపోయింది. వీధిలో ఆడవాళ్ళు నీలమ్మ ఇంటికి వచ్చి చూపించి, అయ్యో అని, చూపించి, అయ్యో అని పోయారు. సరిగ్గా ఆ నెలలోనే మార్కండేయులు కాళ్ళు వాచాయి. కర్నూలులో పరీక్షలు చేసి రెండు మూత్రపిండాలూ పోయాయన్నారు. మంగళవారం, శుక్రవారం ఆదోనికి పోయి డయాలసిస్ చేయించుకోవాలి. తప్పితే ప్రాణానికి ముప్పన్నారు. నీలమ్మకు డాక్టర్ చెప్పిన కారణాలు ఒక్కటీ చెవికెక్కలేదు. ఆమెకు కారణం అప్పటికే దొరికింది.

కృష్ణకుమారి సెలవు పెట్టి పరుగెత్తుకొస్తే నీలమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"దినమూ మద్దేనం నా కొడుకును సంపుతాండావు గదే. ఆరేండ్లాయ. ఎన్ని తూర్లు సంపితే మనిషి ఉంటాడు?"

"అత్తా, అది ఉత్త యాక్టింగు. ఇదో, నా మెళ్ళో తాళి సూడు."

"తాళి లోపల దాపెట్టి బోడి నుదురు లోకానికి సూపిస్తాండావు. దేవుడు యాది సూస్తాడు? లోకం సూసేదే సూస్తాడు."

"అట్లయితే మానేస్తా. రేపే మానేస్తా."

"మానేస్తే?" అంది నీలమ్మ. "ఆడ ముండమోసినట్లే నిలబడిపోతాది. మానేసేది కాదు. ఆ టీవీలో నీ మొగుణ్ణి బతికిచ్చుకో. మళ్ళ బొట్టు పెట్టుకో. నేను కండ్లారా సూడాల. అంతవరకు నా గడప తొక్కద్దు."

మార్కండేయులు లోపల మంచం మీదున్నాడు, అంతా విన్నాడు. ఒక్క మాట మాట్లాడలేదు. ఆ మాట్లాడకపోవడమే మంచితనమని అతని గురించి ఇప్పటికీ పొగుడుతారు. అతని డయాలసిస్‌కు, మమత చదువుకు, నీలమ్మ కాఫీపొడికి కూడా ఆ బోసి నుదురే ఆధారం. ఆ సంగతి ఆ ఇంట్లో ఎవరి నోటా రాలేదు. కృష్ణకుమారి ఒక శుక్రవారం గుమ్మం జోలికి పోకుండా సరాసరి ఆదోనిలో డయాలసిస్ దగ్గరికే వెళ్ళింది. ఆమె తలుపు దగ్గర కనపడగానే నీలమ్మ లేచి, కొడుకు మొహం మీద తువ్వాలు కప్పింది. అతను తువ్వాలు కిందనుంచి కదల్లేదు. ఆమె పది నిమిషాలు నిలబడి వచ్చేసింది.

ఇక ఆమెకు ఒకటే పని. మొగుడి దగ్గరికి చేరాలి. చేరాలంటే సీరియల్లో చచ్చిపోయినవాడు లేవాలి. సీరియల్ రాసే సాయిరాం దగ్గరికి పోయి చేతులు జోడించింది.

"సార్, వసుంధర మొగుణ్ణి బతికించండి సార్."

సాయిరాం నవ్వాడు. "ఆరేళ్ళయిందమ్మా. దహనం కూడా చూపించాం."

"కాలింది ఎవురిదో శవమనండి సార్. లోయలో వేరేవాళ్ళు కాపాడినారనండి."

సాయిరాం నవ్వు ఆపేశాడు. సీరియల్ ఆ నెల రేటింగ్‌లో అయిదో స్థానానికి దిగింది. "ఇదేదో బాగుందే" అన్నాడు. మరుసటి వారం ఛానల్ వాళ్ళ మీటింగ్‌లో ఆ ఆలోచన ఆయనదే అయింది. పాత మొగుడు బెంగుళూరులో కాఫీ హోటల్ పెట్టుకున్నాడు, రానన్నాడు. ప్లాస్టిక్ సర్జరీ అయిందని చెప్పి కొత్తవాణ్ణి తెచ్చారు. అతను తిరిగి రావడం, గుర్తుపట్టడం, బొట్టు పెట్టడం, మళ్ళీ పెళ్ళి. మొత్తం ఇరవై రెండు రోజుల షూటింగ్. ఒక్క రోజు సెలవు అడిగినా కథ మార్చేస్తామన్నారు. ఆమె అడగలేదు.

బొట్టు పెట్టే సీను తీసిన రోజు ఏసన్న తడి దూది ఇవ్వలేదు. కొత్త మొగుడు కుంకుమ భరిణెలో వేలు ముంచి ఆమె నుదుటి మీద పెట్టాడు. కృష్ణకుమారికి ఏడుపు తన్నుకొచ్చింది. ఆరేళ్ళుగా ఏడ్చిన ఏడుపులో ఇంత సుఖం ఎన్నడూ లేదు. లైట్లు పట్టుకునేవాళ్ళు కూడా చప్పట్లు కొట్టారు. సీను అయిపోయాక ఆ కుంకుమ తుడుచుకోకుండా అట్లాగే గదికి పోయి, అద్దంలో చూసుకుని, ఇంటికి ఫోన్ చేసింది. నీలమ్మే ఎత్తింది.

"అయిపాయ అత్తా. బొట్టు పెట్టించుకుంటి. వస్తా."

"ఈడ ఇంకా బోడి నుదురే వస్తాంది" అంది నీలమ్మ. "యాడో తీస్తే అయిపోతాదా? పన్నెండున్నరకు పడల్ల. పడినాంకే అయినట్లు."

తీసింది టీవీలో రావడానికి రెండు వారాలు పడుతుంది. నీలమ్మ లెక్కలో ఆ రెండు వారాలూ కోడలు ఇంకా విధవే. ఎప్పుడు పడుతుందని సాయిరాంను అడిగితే శుక్రవారం ఎపిసోడ్‌లో అన్నాడు. కృష్ణకుమారి మమతకు ఫోన్ చేసి, "శుక్రవారం మద్దేనం పడతాదే. జేజికి సెప్పు. శనివారం నేనొస్తా" అని చెప్పింది. పదిహేనేళ్ళ పిల్ల, ఆ మాట తీసుకెళ్ళి నీలమ్మకు అప్పజెప్పింది.

శుక్రవారం డయాలసిస్ రోజు. ఆదోనిలో మెషిన్ దగ్గర మార్కండేయులు వంతు పొద్దున ఎనిమిదికి. అక్కడికి పోతే మధ్యాహ్నం పన్నెండున్నరకు ఇంట్లో ఉండడు. ఫోన్‌లో చూడొచ్చని మమత చెప్పింది. నీలమ్మ ఒప్పుకోలేదు. ఇంట్లో, దేవుడి ముందు దీపం వెలిగించి, కొడుకు పక్కన కూర్చుని ఉండగా ఆ బొట్టు పడాలి. అది కళ్ళారా చూస్తే ఇక ఆదోనితో పనే లేదని ఆమె నమ్మకం. "ఒక్క తూరి తప్పితే ఏమైతాది?" అంది. మార్కండేయులు సరేనన్నాడు. ఎప్పుడు అనలేదు గనక.

శుక్రవారం పన్నెండున్నరకు నీలమ్మ ఇంట్లో పదిమంది కూర్చున్నారు. కొత్త మొగుడు భరిణె తీశాడు. కోడలు ఉలిక్కిపడింది. రెండో కోడలు ఉలిక్కిపడింది. పనిమనిషి ఉలిక్కిపడింది. లోయ, కారు, మంట అన్నీ మళ్ళీ చూపించారు. వేలు కుంకుమలో మునిగింది. పైకి లేచింది. నుదుటికి బెత్తెడు దూరంలో ఆగింది. అక్కడికి ఆ రోజు ఎపిసోడ్ అయిపోయింది.

శనివారం ఆ బెత్తెడు రెండంగుళాలయింది. ఒక నిమిషం పట్టిన సీనును ఎడిటింగ్‌లో మూడు రోజులు లాగారు. రేటింగ్ ఎగబాకుతోందని సాయిరాం అందరికీ స్వీట్లు పంచాడు. కృష్ణకుమారి చేతిలో కూడా ఒక లడ్డు పెట్టాడు. అది చేతిలో ఉండగానే మమత ఫోన్ వచ్చింది.

"అమ్మా, నాయిన నిన్న ఆదోనికి పోల్యా. జేజి పోనియ్యల్యా. మొగమంతా ఉబ్బింది. ఆయాసపడతాండాడు."

కృష్ణకుమారి లడ్డు పక్కన పడేసింది. "తీస్కపోండే! ఇప్పుడే తీస్కపోండి! జేజికియ్యి ఫోను."

నీలమ్మ గొంతు నిదానంగా వచ్చింది. "రెండంగుళాలే ఉండాది. సోమారం పడతాది. పడినాంకే తీస్కపోతాం."

ఆమె సాయిరాం కాళ్ళ మీద పడింది. అతిశయోక్తి కాదు, నిజంగానే పడింది, ఎడిటింగ్ గది బయట, అందరూ చూస్తుండగా. సోమవారం ఎపిసోడ్ ఈ రోజే వేయమంది, కనీసం ఆ ముక్కొక్కటి ఫోన్‌కు పంపితే చూపించుకుంటానంది. సాయిరాంకు అర్థం కాలేదు. అర్థమయ్యాక భయం వేసింది, ఆ తర్వాత నవ్వొచ్చింది. బయటికి పోయిందంటే ఛానల్ వాళ్ళు ఊరుకోరని చెప్పి తలుపేసుకున్నాడు. మధ్యలో వదిలిపోతే కథ మార్చేస్తారు, ఇక బొట్టే పడదు. శుక్రవారానికి అయిపోవలసిన మళ్ళీ పెళ్ళి సీన్లు ఆదివారం రాత్రికి ముగిశాయి. ఆమె మొహానికి వేసిన రంగు కూడా కడుక్కోకుండా బస్సెక్కింది.

సోమవారం పొద్దున పదిన్నరకు ఎమ్మిగనూరులో దిగి, బస్టాండులో కారు మాట్లాడుకుని, ఇంటి ముందు ఆపించింది. తలుపు వేసి ఉంది. వీధి వీధంతా అరుగుల మీదే ఉంది.

"అత్తా, తలుపు తియ్యి. కారు తెచ్చినా. ఆదోనికి పోదాం."

"ఇంకా రెండు గంటలే" అంది నీలమ్మ లోపలినుంచి. "ఇన్నాళ్ళు ఓర్సుకుంటిమి, రెండు గంటలు ఓర్సుకోలేమా?"

ఎదురింటి హులిగెమ్మ చెయ్యి పట్టుకుంది. "అంత దూరం వచ్చినాది, ఇప్పుడు సెడగొట్టద్దు తల్లీ. ఒక్క పూట." పక్కన నిలబడ్డవాళ్ళు కూడా అదే మాటన్నారు. మమత లోపల ఏడుస్తూ ఏదో అంటోంది, వినపడటం లేదు. కృష్ణకుమారి కిటికీ దగ్గరికి పోయి, "ఏమయ్యా, నువ్వన్నా సెప్పు" అని అరిచింది. మార్కండేయులు గొంతు బొంగురుగా, ఒక్కో మాటకూ ఊపిరి తీసుకుంటూ వచ్చింది. "ఉండనీ కుమారీ. సూసే పోదాం."

తలుపు తన్ని లోపలికి పోవలసింది. జుట్టు పట్టుకుని ఆ ముసలిదాన్ని పక్కకు నెట్టవలసింది. కారు డ్రైవర్ బలమైనవాడే, మొగుణ్ణి ఎత్తి కార్లో వేయించుకుని పోవలసింది. ఆమె అదేమీ చేయలేదు. చేయకపోవడానికి భయం ఒక్కటే కారణం కాదు. ఆరేళ్ళుగా పొద్దున్నే తడి దూదితో నుదురు తుడుచుకున్న మనిషికి, ఇంతమంది ఇన్ని రోజులు ఒకే మాట అంటుంటే, ఆ మాట లోపల ఎక్కడో నాటుకుపోయింది. బొట్టు పడితే బాగవుతాడేమోనని ఆమెకూ అనిపించింది. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. చెప్పుకునే మాట కాదది.

అరుగు మీద కూర్చుంది. పన్నెండున్నరకు పాట మొదలైంది. తన మొహంతో ఇంకొకామె ఏడుస్తున్న గొంతు కిటికీలోంచి వినిపించింది. సబ్బు ప్రకటన వచ్చింది, నూనె ప్రకటన వచ్చింది. ఒంటిగంటకు అయిదు నిమిషాలుండగా లోపల ఆడవాళ్ళు ఒక్కసారిగా కేకవేశారు. నీలమ్మ తలుపు తీసింది. కళ్ళనిండా నీళ్ళు, మొహమంతా వెలుగు. "రా తల్లీ, రా" అంటూ హారతి పళ్ళెం తెచ్చి కోడల్ని గుమ్మంలో నిలబెట్టింది. మూడుసార్లు తిప్పింది. కుంకుమ నీళ్ళు చల్లింది. అంతసేపూ కృష్ణకుమారి నీలమ్మ భుజం మీదుగా లోపలికే చూస్తోంది. మార్కండేయులు దిండ్లకు ఆనుకుని టీవీ వైపే చూస్తున్నాడు. మొహం గుర్తుపట్టలేనంత ఉబ్బింది. ఆమెను చూసి నవ్వబోయాడు.

కార్లో ఆమె ఒళ్ళో తల పెట్టుకున్నాడు. ఆదోని ఇంకా పది కిలోమీటర్లు ఉండగా ఊపిరి ఆగిపోయింది. డ్రైవర్ వెనక్కి తిరిగి చూసి, కారు పక్కకు ఆపి, దిగి నిలబడ్డాడు.

పదకొండో రోజున వీధి విధవలు ఆమెను పెరట్లో కూర్చోబెట్టి గాజులు పగలగొట్టి బొట్టు తుడిచారు. ఆమె రాయిలా కూర్చుంది. "టీవీలో ఎంత బాగ ఏడుస్తాది! ఈడ సుక్క నీళ్ళు రాల్యా" అంది హులిగెమ్మ, గొంతు తగ్గించకుండానే. సరిగ్గా అప్పుడే పక్కింటి టీవీలో భజంత్రీలు మోగాయి. మళ్ళీ పెళ్ళి ఎపిసోడ్. వసుంధర మెడలో తాళి పడుతోంది. తుడిచే చేతులు కూడా ఒక నిమిషం ఆగి అటు విన్నాయి.

నీలమ్మ వచ్చి ఎదురుగా నిలబడింది. "ఆడ ముండమోసినంత కాలం నా కొడుకు ఈడ బతికే ఉన్న్యాడు" అంది. "ఆరేండ్లు బతికినాడు. నువ్వు బొట్టు పెట్టుకున్న గడియలోనే పాయ. ఎవుడో నీ నెత్తిన కుంకం పెడితే నా కొడుకెట్ల ఉంటాడే?"

పెరట్లో అందరూ అవునన్నట్టు తలలూపారు. అంతకుముందు రెండంగుళాల కోసం తలుపు దగ్గర కాపలా కాసిన తలలే అవన్నీ.

"నా కొడుకు పాయ. ఆ టీవీలో వాడెట్ల బతికుంటాడు?" అంది నీలమ్మ. "పోయి వాణ్ణి సంపి రా. అప్పుడే నీకు నా ఇంట్ల కూడు."

ఈ మాటకు నవ్వాలో ఏడవాలో తెలియనివాళ్ళు మగ్గాల వీధిలో ఎవరూ లేరు. అందరికీ సబబుగానే తోచింది. కృష్ణకుమారికి కూడా, దేవుడి దయవల్ల, కాసేపు సబబుగానే తోచింది. బోసి నుదురుతో పెరట్లోనే కూర్చుని సాయిరాంకు ఫోన్ చేసింది. పనికి ఎప్పుడు రావాలని అడిగింది, రెండో మాట అడగబోయింది.

"నేనే చేద్దామనుకున్నా అమ్మా" అన్నాడు సాయిరాం. గొంతు ఇబ్బందిగా ఉంది. "మీవారి సంగతి ఏసన్న చెప్పాడు. చాలా బాధపడ్డాం. అయితే ఇక్కడ ఒక చిక్కొచ్చింది. ఆ కొత్తతను ఉన్నాడు కదా, వాళ్ళావిడ ఒప్పుకోవడం లేదు. నిజంగా భర్త పోయిన మనిషి పక్కన మొగుడిగా నిలబడొద్దంటోంది. అతని ప్రాణానికి మంచిది కాదంటోంది. సెట్లో మిగతా ఆడవాళ్ళు కూడా... మీరు తప్పుగా అనుకోవద్దు. వసుంధరను తీసేస్తున్నాం. మీరు రానక్కరలేదు. పెళ్ళి సీనులో ఫోటో ఒకటి ఉంది, అది సరిపోతుంది."

"ఆయనను సంపండి సార్" అంది కృష్ణకుమారి. "ఆయనను సంపి నన్నుంచండి. మళ్ళ బొట్టు తుడ్సుకుంటా."

"అతనికి ఇప్పుడు మంచి పేరొచ్చిందమ్మా" అని సాయిరాం ఫోన్ పెట్టేశాడు. ఆ రోజు సాయంత్రమే ఏసన్న ఫోన్ చేసి, వేరే సీరియల్లో అడుగుతానన్నాడు. వారం తర్వాత చేసి, ఎవరూ ముందుకు రావడం లేదక్కా అన్నాడు. విధవ వేషానికి కూడా ముత్తైదువే కావాలంటున్నారట. నిజంగా ముండమోసిన మనిషి సెట్లో తిరిగితే కీడంట.

నీలమ్మ ఆమెను ఇంట్లోంచి వెళ్ళగొట్టలేదు. కొడుకు లేడు, డబ్బు పంపేవాళ్ళు లేరు, ఇల్లు నడవాలి. మూలనపడ్డ రాట్నం దులిపి కోడలి ముందు పెట్టింది. కృష్ణకుమారి కూలికి నూలు కండెలు చుట్టడం మొదలుపెట్టింది. ఆమె కోరింది ఆ గడప లోపలికి రావడమే, వచ్చింది. మమత ఆదోనిలో హాస్టల్లో చేరింది. తల్లితోనూ జేజితోనూ అవసరానికి మించి మాట్లాడదు. మాట్లాడినా ఇద్దరి మొహాలూ చూడదు.

నెల తిరిగాక ఒక మధ్యాహ్నం హులిగెమ్మా, ఇంకో అయిదారుగురు ఆడవాళ్ళూ నీలమ్మ ఇంటికి వచ్చి టీవీ ముందు కూర్చున్నారు. ఆ రోజు వసుంధర పోతుందని వీధంతా తెలుసు. పన్నెండున్నరకు పాట వచ్చింది. మొగుణ్ణి కాపాడబోయి వసుంధర ఎక్కడో కాలువలో పడిందన్నారు, చూపించలేదు. ఆ తర్వాత గోడ మీద ఫోటో కనపడింది. ఎర్రటి పెద్ద బొట్టు, తలనిండా పూలు, పట్టుచీర, ఫోటో చుట్టూ దండ. దాని ముందు కొత్త మొగుడు మోకాళ్ళ మీద కూలబడి ఏడుస్తున్నాడు. ఆ ఫోటో ఎవరిదో గదిలో అందరికీ తెలుసు. ఆ మనిషి నాలుగడుగుల దూరంలో, బోసి నుదురుతో, గోడవారగా కూర్చుని కండెలు చుడుతోంది. ఎవరూ అటు తిరగలేదు.

హులిగెమ్మ ముక్కు చీదింది. "పసుపు కుంకాలతో పాయ మహాతల్లి. మొగుడు ఇంత ఏడుస్తాండాడు. అట్లాంటి సావు ఎవురికొస్తాది?"

నీలమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "అదురుష్టవంతురాలప్పా" అంది. తర్వాత టీవీ మీదనుంచి చూపు తిప్పకుండానే వెనక్కి చెయ్యి ఊపింది. "ఏమ్మే, ఆ రాట్నం రొంతసేపు ఆపు. మాటలు ఇనపడల్యా."

కృష్ణకుమారి రాట్నం ఆపింది.